డెల్ఫిన్ పుల్ల

మనీలా నగర చరిత్రలో డెల్ఫిన్ పుల్లకు దక్కాల్సిన అధ్యాయం ఇంకా ఎవరూ రాయలేదు. మాల్ గేటు దగ్గర కాపలా కాసే డెల్ఫిన్, చేతిలోని ఆ పుల్లతో సంచులు కెలుకుతూ మానవజాతిని రెండుగా విడదీశాడు. బూట్లవాళ్లకు సెల్యూట్, చెప్పులవాళ్లకు సోదా. లోపల దొంగతనం జరిగితే ముందు ఊడేది ఆయన ఉద్యోగమే మరి. నిన్న సంచిలో కాలేజీ పట్టా పెట్టుకుని సొంత కూతురు లిగాయా వచ్చినా పుల్ల ఆగలేదు.

"నాన్నా, నేనే! ఇంటర్వ్యూకి ఆలస్యమైపోతోంది."

"చెప్పులేసుకొచ్చావు కదమ్మా. అనుమానం అనుమానమే."

"బూట్లు కొనుక్కోడానికేగా నాన్నా ఈ ఉద్యోగం!"

పట్టా కిందున్న అన్నం పొట్లం దాకా కెలికి చూశాకే లోపలికి వదిలాడు.

సాయంత్రం కంపెనీవాళ్ల బూట్లు కంపెనీకి అప్పజెప్పి, చెప్పులేసుకుని ఇంటికి బయల్దేరిన డెల్ఫిన్ సంచిని, రాత్రి కాపలాకు వచ్చినవాడు అదే పుల్లతో కెలికాడు.