జల్లెడ ఎడమ చెయ్యి

ఆ ఆస్పత్రిలో ఎక్స్‌రే అక్క అంటే తెలియనివాళ్లు లేరు. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే బల్ల, అదే మాట: "కదపకండి... కదపకండి... ఆ, అయిపోయింది." చెయ్యి విరిగినవాడు ఆస్పత్రి కప్పు ఎగిరిపోయేలా అరిచినా ఆవిడ కనురెప్ప వెయ్యదు. అలాంటి మనిషికి ఆ ఏడాది ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముచ్చెమటలు పోసేవి. కారణం ఒక ఫుట్‌బాల్ క్లబ్బు.

నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆవిడ మొగుడే నవ్వేవాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. బంతి ఎటు వెళ్తే గోలో ఏళ్ల తరబడి చూసినా ఆయన బుర్రకెక్కలేదు. కానీ పెళ్లాం పక్కన తూర్పు స్టాండు నాలుగో వరసలో బుద్ధిగా కూర్చునేవాడు. ఆ కుర్చీ ఆవిడ నాన్నది. ఏడేళ్ల పిల్లప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకొచ్చింది ఆయనే. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది, కుర్చీ ఖాళీగా ఉంటే ఆవిడ ఆట చూడలేకపోయేది. అందుకని అల్లుడు అందులో కూర్చుని క్లబ్బుని "మీ పుట్టింటివాళ్లు" అని వెక్కిరించేవాడు. ఓడిపోయిన ప్రతిసారీ ఇంటికెళ్లే దారిలో "ఏమోయ్, మీ పుట్టింటివాళ్లు మళ్లీ పరువు తీశారా?" అనేవాడు.

తీశారు మరి. ఇరవై ఐదు ఆటలాడితే గెలిచినవి నాలుగు. ముందు ఆడేవాడు గోల్ దగ్గరపడగానే కొత్త ఊళ్లో దిగినవాడిలా దారి మర్చిపోతాడు. వెనక కాచే ఇద్దరూ మాటల్లేని తోడికోడళ్లు, బంతి వస్తే నువ్వు తియ్యంటే నువ్వు తియ్యని నిలబడతారు. కెప్టెన్ మోకాళ్ల సంగతి అక్కకి అందరికంటే బాగా తెలుసు. ఆ మోకాళ్లకి ఫొటోలు తీసింది ఆవిడే, అవి పరిగెత్తడం మానేసి రెండేళ్లయింది. శిక్షకులు ముగ్గురు మారారు. మూడో ఆయన మొదటి రోజు పెద్ద పెద్ద మాటలు చెప్పి, రెండో వారం నుంచి ఆట జరుగుతున్నంతసేపూ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

ఇక గోల్‌కీపర్. కిందటేడాది దాకా అతన్ని గోడ అనేవాళ్లు. ఈ ఏడాది జల్లెడ అంటున్నారు. ఆ పేరు పెట్టింది ఐదో వరసలో, సరిగ్గా అక్క వెనక కూర్చునే రిటైరైన మాస్టారు. ఆయన నోటికి జడిసే కొందరు కుర్చీలు మార్చుకున్నారు. గోల్ పడితే చాలు, "ఒరేయ్ జల్లెడా! పిండి జల్లించడానికి వచ్చావురా?" అని కేక వేసేవాడు. తోడికోడళ్లు వదిలేసిన బంతికి ఆ కుర్రాడేం చేస్తాడని అక్క వెనక్కి తిరిగి పోట్లాడేది. పోట్లాడి గెలిచేది కాదు.

ఇప్పుడు మిగిలింది ఒకే ఆట. సమానంగా ముగిస్తే చాలు, పై డివిజన్లో ఉంటారు. ఓడితే కిందికి. కిందికి వెళ్లిన క్లబ్బులు మూడు ఆవిడకి తెలుసు. రెండు ఇంకా కిందే ఉన్నాయి, మూడోదాని గ్రౌండులో ఇప్పుడు దుకాణాలున్నాయి. ఇక్కడా అదే జరిగితే తూర్పు స్టాండు ఉండదు. నాలుగో వరస ఉండదు. నాన్న కూర్చున్న కుర్చీ ఏ పాత ఇనుములోకి పోతుందో! భయమంటే అది, ఇంకేం కాదు. పడుకున్నా లేచినా అదే భయం.

అదిగో ఆ భయంలో ఉండగా, శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ, జల్లెడ చీటీ పట్టుకుని ఎక్స్‌రే గదిలోకి వచ్చాడు. చీటీ మీద ఎముకల డాక్టరు రాత: ఎడమ చెయ్యి. ఆ డాక్టరే క్లబ్బుకి కూడా డాక్టరు.

"ప్రాక్టీసులో పడ్డానక్కా. బెణికిందనుకుంటా," అన్నాడు. మనిషి ఆరడుగుల పైన ఉన్నాడు కానీ గొంతు బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా ఉంది.

అక్క మనసులో లెక్కేసుకుంది. ఆదివారం ఇతను లేకపోతే ఎవరున్నారు? రెండో గోల్‌కీపర్‌కి నెల కిందటే చీలమండ విరిగింది, దాని ఫొటో తీసిందీ తనే. మూడోవాడు జట్టు బస్సు డ్రైవరు. జాబితాలో ముగ్గురుండాలని రూలుంది కాబట్టి ఆయన పేరు రాశారు. ముప్పై తొమ్మిదేళ్లు, బొజ్జ.

"చెయ్యి బల్ల మీద పెట్టు తమ్ముడూ. కదపకు. నేను చెప్పేదాకా కదపకు."

ముందు ఎడమ చెయ్యి తీసింది. పోల్చి చూసుకోవడానికి కుడిదీ తీసింది. అది ఆవిడ సొంత అలవాటు, చీటీలో లేకపోయినా తీస్తుంది. రెండు బొమ్మలూ కంప్యూటర్ తెర మీదికి వచ్చాక గానీ తెలియలేదు, ఏం పొరపాటు చేసిందో. ప్లేటు మీద చేతి పక్కన సీసపు అక్షరం పెట్టాలి. ఎడమకి ఎల్, కుడికి ఆర్. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి మర్చిపోలేదు. ఇవాళ రెండింటికీ మర్చిపోయింది. కాళ్లూ చేతులూ ఆడకపోతే అలాగే అవుతుంది మరి.

అదేం పెద్ద చిక్కు కాదు, తర్వాత కంప్యూటర్లో పెట్టవచ్చు. ఏ చెయ్యి ఏదో ఆవిడకి తెలుసు. కుడి చేతి చిటికెన వేలు చివర పాత దెబ్బకి వంకరగా అతుక్కుంది. ఎడమ చేతిలో, బొటనవేలి మొదట్లో పడవలా ఉండే బుల్లి ఎముక మీద, వెంట్రుకంత నల్లటి గీత ఉంది.

విరిగింది.

ఆ ఎముక సంగతి ఆవిడకి బాగా తెలుసు. దానికి రక్తం ఒక వైపు నుంచే అందుతుంది. కదలకుండా కట్టేస్తే అతుక్కుంటుంది. దాని మీద ఇంకో దెబ్బ పడితే ఆ ముక్క ఎండిపోతుంది, ఆ పైన బొటనవేలికి పట్టుండదు. గోల్‌కీపర్‌కి పట్టు లేకపోతే ఇంకేముంది?

"ఏమీ లేదుగా అక్కా?" అన్నాడు జల్లెడ.

తెర మీద రెండు చేతులు, ఒకటి విరిగింది, ఒకటి బాగుంది, దేనికీ అక్షరం లేదు. చీటీ అడిగింది ఒక్క చేతినే. బాగున్న చేతి బొమ్మని అద్దంలోలా తిరగేసి, ఎల్ అని పెట్టి, డాక్టరు గారి తెరకి పంపింది. మూడు మీటలు నొక్కితే అయిపోయింది. విరిగిన చేతి బొమ్మని చెరిపేసింది.

పావుగంటకి డాక్టరు గారి గదిలోంచి కబురొచ్చింది. బెణుకే. పట్టీ వేసుకుని ఆడవచ్చు.

శనివారమంతా ఆవిడ మనిషి మనిషిగా లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. మొగుడు ఒక ముద్ద తిని, "మీ పుట్టింటివాళ్లు ఓడితే ఓడారు, నన్నెందుకే చంపుతావు?" అన్నాడు. ఎప్పుడూ ఎదురు తిరిగే మనిషి మజ్జిగ గిన్నె ముందుకి తోసింది. ఆయన కంచం పక్కకి జరిపి ఆవిడ ముఖంలోకి చూశాడు.

ఆదివారం స్టాండు కిక్కిరిసిపోయింది. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. మాస్టారు కూడా జల్లెడా అనకుండా గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు. ఆట మొదలైంది. జనం గోల్ పడుతుందేమోనని భయపడుతున్నారు, అక్క మాత్రం బంతి అతని ఎడమ వైపు వెళ్తుందేమోనని భయపడుతోంది. ఎడమకి వచ్చిన ప్రతి బంతికీ ఆవిడకి పై ప్రాణాలు పైనే పోతున్నాయి. అతను ఆపుతున్నాడు. ఎన్నడూ ఆడనంత బాగా ఆడుతున్నాడు. ఆపిన ప్రతిసారీ ఎడమ చేతిని చంకలో దాచుకుని ఒక క్షణం వంగిపోతున్నాడు. అది స్టాండులో ఎవరికీ కనిపించడం లేదు.

నలభై మూడో నిమిషంలో ఒక బంతి నేరుగా ఆ చేతి మీదే పడింది. ఆవిడ మొగుడి మోచెయ్యి పట్టేసుకుంది.

"ఏవండీ, అతని చెయ్యి విరిగింది. నాకు తెలుసు. నేనే మార్చి పంపాను."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయింది. అక్షరం మర్చిపోవడం, గీత, తిరగేసిన బొమ్మ, అంతా గుసగుసగా కక్కేసింది. ఆయన గ్రౌండు వైపే చూస్తూ విన్నాడు. వెక్కిరిస్తాడేమో, తిడతాడేమో అనుకుంది.

"బ్రేకులు పట్టవని తెలిసీ నేనో బస్సుని డిపోలోంచి బయటికి వదిలాననుకో," అన్నాడాయన. "ఆ రాత్రి నాకు అన్నం పెడతావా?"

ఇంతలో విజిల్ వేశారు. సగం ఆట అయింది, సున్నా సున్నా.

"లే," అన్నాడు మొగుడు. "వెళ్లు."

ఆవిడ మెట్లు దిగి వెళ్లింది. ఆటగాళ్ల గది బయట వసారాలో బెంచీ మీద జల్లెడ ఒక్కడే కూర్చుని, ఎడమ చెయ్యి ఐసు బకెట్లో ముంచి ఉన్నాడు. పెదవులు తెల్లబారిపోయాయి.

"తమ్ముడూ, శుక్రవారం నేను పంపిన బొమ్మ..."

"కుడి చేతిది," అన్నాడతను.

"నీకెలా తెలుసు?"

"డాక్టరు గారి తెర మీద చూశానక్కా. నా వంకర వేలు నాకు తెలీదా? నువ్వు పొరపాటు పడ్డావనుకున్నా. ఎక్కడ గుర్తొచ్చి పరిగెత్తుకొస్తావోనని రెండు రోజులుగా నిద్ర లేదు." తలెత్తాడు. "ఇంకో సగమే అక్కా. వాళ్లు నన్ను జల్లెడ అన్నారు. ఈ ఒక్కటీ ఆపనివ్వు. ఎవరికీ చెప్పకు, నీకు దణ్ణం పెడతా."

దణ్ణం పెట్టడానికి బకెట్లోంచి చెయ్యి తీశాడు. రెండు చేతులూ కలవలేదు. బొటనవేలి మొదలు వాచి నల్లబడింది. ఎంత ప్రయత్నించినా ఆ వేలు దగ్గరికి రావడం లేదు. ఆ చెయ్యి చూశాక ఆవిడకి ఒక్కసారి అర్థమైంది, తను దేని మీద ఏ అక్షరం పెట్టి పంపిందో. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆటగాళ్ల గది తలుపు తోసి డాక్టరు గారిని పిలిచింది.

"డాక్టరు గారూ, మొన్న నేను పంపింది కుడి చెయ్యండీ. ఎడమది విరిగింది. పడవ ఎముక."

ఆయన ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి బెంచీ వైపు చూశాడు.

"అక్షరం మారిపోయిందా? పొరపాటా?"

అవునంటే సరిపోయేది. ఇరవై ఆరేళ్లలో ఒక్క పొరపాటు, ఎవరైనా సర్దుకుపోతారు. ఆ దారి ఆయనే చూపించాడు.

"కాదండీ. చూసే పంపాను."

ఆయన "రేపు ఆఫీసుకి రండి," అని మాత్రం అని, మోకాళ్ల మీద కూర్చుని ఆ చెయ్యి అందుకున్నాడు. అక్కని ఎప్పుడూ నువ్వు అనే మనిషి, ఆ రోజే మొదటిసారి మీరు అన్నాడు. జల్లెడ ఆవిడ ముఖం చూడలేదు. గోడ వైపు తిరిగి భుజాలు అదిరేలా ఏడ్చాడు.

రెండో సగంలో గోల్ ముందు బస్సు డ్రైవరు వచ్చి నిలబడేసరికి స్టాండంతా హోరెత్తిపోయింది. ఏమైంది, ఎవరు తీశారు, జల్లెడ ఏడీ? అక్క వచ్చి నాలుగో వరసలో కూర్చుంది. మొగుడు నాన్న కుర్చీలో కూర్చుని ఆవిడ చెయ్యి తన ఒళ్లో పెట్టుకున్నాడు. డ్రైవరు పాపం ప్రాణం పెట్టి ఆడాడు. ఒకటి మొహంతో ఆపాడు, ఒకటి కడుపుతో ఆపాడు. తోడికోడళ్లు కూడా ఆ రోజు మాట్లాడుకున్నారు. జనం భయం మర్చిపోయి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

ఎనభై ఆరో నిమిషంలో ఒక బంతి ఎడమ మూలకి నేల బారుగా వెళ్లింది. డ్రైవరు పడ్డాడు, బొజ్జ ముందు పడింది, చెయ్యి తర్వాత చాచాడు. బెత్తెడు దూరంలో బంతి వలలోకి వెళ్లిపోయింది.

జనం కుర్చీల్లో కూలబడ్డారు. చాలాసేపటికి వెనక వరసలోంచి మాస్టారి గొంతు వినిపించింది, తిట్టడానికి కాదు.

"జల్లెడ ఉండుంటే అది ఆపేవాడు," అన్నాడాయన. "ఖాయంగా ఆపేవాడు. ఏ పాపాత్ములు తీశారో."

ఆవిడ మొగుడు వెనక్కి తిరగబోతే, అక్క ఆయన చెయ్యి నొక్కి ఆపింది. ఆపి గ్రౌండు అవతల తమ జట్టు కూర్చున్న బెంచీ వైపు చూసింది. బెంచీ మీద అందరూ రెండు చేతులతో తలలు పట్టుకున్నారు. జల్లెడ ఒక్క కుడి చేత్తోనే ముఖం కప్పుకున్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది, దానికి అట్ట వేసి కట్టిన తెల్లటి కట్టు ఉంది. ఒళ్లంతా ఏడుపుతో ఊగిపోతున్నా ఆ చేతిని కదపడం లేదు.

"కదపకు తమ్ముడూ," అంది అక్క, ఎవరికీ వినిపించకుండా. "నేను చెప్పేదాకా కదపకు."

ఆట ముగిసినట్టు విజిల్ వేశారు. జనం లేచి వెళ్లిపోతున్నా ఆవిడ ఆ చెయ్యినే చూస్తూ కూర్చుంది.