బుడ్డి లేని గుర్రపుడెక్క

తొంభైల చివర్లో, చుట్టుపక్కల పిల్లలందరూ కంప్యూటర్ కోర్సుల వెంట పరుగెడుతుంటే, నేను లింగంపల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. మా ల్యాబులో విద్యార్థుల కంటే సీసాల్లో ఊరేసిన మొక్కలే ఎక్కువ.

ప్రాక్టికల్ పరీక్షలకు గుర్రపుడెక్క తెమ్మన్నారు మా విభాగాధిపతి. కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. పాఠ్యపుస్తకంలో బొమ్మ లేనిది సృష్టిలోనూ ఉండకూడదని ఆయన నమ్మకం. చీర ఎగదోపుకుని చెరువులోకి దిగాను. నీళ్ళు కనిపించనంత దట్టంగా అల్లుకుపోయి ఉంది. ఒక చెప్పు బురదకు సమర్పించుకుని, నాలుగు మొక్కలు పీక్కొచ్చాను.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇది గుర్రపుడెక్క కాదండీ. కాడకి బుడ్డి ఏదండీ?"

నిజమే, బుడ్డిలా ఉబ్బి ఉండాల్సిన ఆకుకాడలు మూరెడు పొడవున సన్నగా ఉన్నాయి.

"ఇరుకులో పెరిగింది సార్. చుట్టూ ఉన్నవే ఒత్తి నిలబెడుతుంటే తేలడానికి బుడ్డి ఎందుకు? వెలుతురు కోసం పైకి సాగింది."

"బొమ్మలో ఉందండీ బుడ్డి."

ఒళ్ళు మండి, ఒక మొక్కను చందానగర్‌లో నేను అద్దెకుండే ఇంటికి తీసుకెళ్ళి, పెరట్లో బట్టలుతికే నీళ్ళ తొట్టిలో వేశాను. ఇంటామె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది టీచరమ్మా, చెర్ల చెత్త తెచ్చి నా తొట్టిల ఏస్తవా?"

"కొన్నాళ్ళు ఓపిక పట్టు అక్కా. జాగా దొరికింది కదా, బుడ్డి వస్తుంది."

"బుడ్డి సంగతేమో గని, దోమలైతే వస్తయ్."

అలా అన్నదే గాని, రోజూ నాకంటే ముందే లేచి తొట్టిలోకి తొంగి చూసేది. ఒక పొద్దున నా తలుపు దబదబా బాదింది.

"జర జల్దీ రా! నీ మొక్కకు కడుపొచ్చింది!"

పాత ఆకులు పొడుగ్గానే నిలబడి ఉన్నాయి. వాటి మధ్య కొత్తగా వచ్చిన ఆకులు పొట్టిగా, కాడలు ఉసిరికాయల్లా ఉబ్బి ఉన్నాయి. ఒక పిలకను తొట్టిలోనే వదిలి, మొక్కను బకెట్లో పెట్టుకుని కాలేజీకి మోసుకెళ్ళాను.

విభాగాధిపతి వంగి చూసి, తృప్తిగా తలూపారు. "బుడ్డి ఉంటుందని నేను ముందే చెప్పాను కదండీ!"

బకెట్ ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. పరీక్షకు పనికొచ్చే మొక్క అదొక్కటే కాబట్టి ఆగిపోయాను.

ఎండాకాలం వచ్చేసరికి ఇంట్లో వదిలిన పిలక తొట్టినిండా సంసారం పెట్టేసింది. ఇరుకు మొదలవగానే కొత్త ఆకులు మళ్ళీ సన్నగా, బుడ్డి లేకుండా లేచాయి.

"మంది ఎక్కువైన్రు, ఇగ చాలు," అంటూ ఇంటామె వాటిని పీకి పారేసింది. మొగ్గ తొడిగిన ఒక్కదాన్ని మాత్రం ఉంచింది. అది పూసిన రోజు వీధిలో సగం మందిని పిలిచి చూపించిందట. నేను కాలేజీలో ఉన్నాను. వచ్చేసరికి పువ్వు ఆమె కొప్పులో ఉంది.