అడుగున బెల్లం, మీద నిమ్మ

తెలంగాణ అంతా షట్టర్లు దించుకుని రోడ్డెక్కిన ఏడాది బారు సామాను కొన్న మనిషి జనగామలో ఎవరైనా ఉన్నారా అంటే, ఉన్నాను, నేనే. అది కూడా ఉల్లిగడ్డను సైతం ఆలోచించి తినే ఇంటి ఆడబిడ్డను, అలాంటి ఇంటికే కోడలిని. హైదరాబాదు రోడ్డు మీద బారు ఎత్తేసి పోతున్న ఒకాయన దగ్గర పొడుగు కాడల గ్లాసులు పెట్టెడు, రంగురంగుల షర్బత్ సీసాలు, మూరెడు చెంచాలు బేరం చేశాను. ఆయన చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టి అంతకంటే కిందికి దించాను. అప్పటికీ కడుపు నిండక "కొసరేది?" అని నిలబడ్డాను. తూకం అయ్యాక మీద ఒక పిడికెడు వేయించుకోకుండా దుకాణం మెట్లు దిగడం మా వంశంలో లేదు. ఆయన నవ్వి, "అక్కా, కూరగాయల అంగట్ల కొసరు జూసిన, బారుల కొసరు అడిగినామెను నిన్నే జూస్తున్న" అని, మందు కలిపి ఊపే మూత స్టీలు గ్లాసు ఒకటి పెట్టెలో పడేశాడు. గెలిచినట్టే ఇంటికొచ్చాను. అమ్ముడుపోని సరుకు సగం కంటే తక్కువ ధరకు కొనడం గెలుపు కాదని, దుకాణంలో పుట్టి పెరిగిన నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ స్టీలు గ్లాసులో ఇప్పుడు మజ్జిగ చిలుకుతున్నాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని మెంతికూర తెంపుతుంటే ఒక పాత నలుపు తెలుపు సినిమా మొదలైంది. పేర్లు పడుతుండగానే నా చేతిలో కూర ఆగిపోయింది. ఆ సినిమా కోసమే నేను బారు సామాను కొన్నది, ఆ సినిమాను అంతవరకు ఒక్కసారి కూడా చూడకుండా. అందులో ఏం చూశానో చివరికి చెప్తాను. మంచి సరుకు ముందే బయటపెడితే బేరం చెడుతుందని మా బాపు అనేవాడు.

ఆ సినిమా మా చిన్నాయినది, అంటే ఆయన తీసింది కాదు, టాకీసులో లెక్కలేనన్నిసార్లు చూసింది. బాపుకు తమ్ముడు. తొర్రూరులో మా ధాన్యం దుకాణంలో బాపు కాంటా దగ్గర కూర్చుంటే చిన్నాయిన సినిమా టాకీసులో కూర్చునేవాడు. సంబంధాలు కుదిరేవి, టాకీసు సంగతి తెలిసి తప్పిపోయేవి. దూరం పోతే బాగుపడతాడని బాపు భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్ల పక్కన చిన్న కిరాణం పెట్టించాడు. షిఫ్టు దిగిన మనుషులు మొహాన బొగ్గు మసి కడుక్కోకుండానే వచ్చి ఈయన బల్ల మీద కూర్చునేవాళ్లు. వాళ్లు ఒళ్లు నొప్పులకు తాగితే, ఈయన వాళ్లకు తోడు కోసం తాగాడు. నొప్పులు షిఫ్టుకు ఒకసారి వచ్చేవి. తోడు మాత్రం మూడు షిఫ్టులకూ కావలసి వచ్చేది.

సినిమాలో ఆయనకు నచ్చిన ఘట్టం ఒక్కటే. పట్నం క్లబ్బులో హీరో దిగులుగా కూర్చుని ఉంటాడు. భుజాన తువ్వాలతో బేరర్ వచ్చి, మూడు పొరలుగా పోసిన మందు గ్లాసు ముందు పెట్టి, మన తెలంగాణ మాటలో అంటాడు: "దొరా, జర పైలం. అడుగున ఉన్నది ఆఖరుకు తగుల్తది." జాగ్రత్త అని చెప్పిన ఆ మాటకు టాకీసంతా గొల్లుమనేదట. మాటకు కాదు, ఆ యాసకు. సినిమా మొత్తంలో మనలాగా మాట్లాడేవాడు వాడొక్కడే, వాడికి ఉన్నది ఆ ఒక్క ముక్కే. "అందరు హీరోను జూసిండ్రు. నేను గ్లాసు దెచ్చినోన్ని జూసిన" అనేవాడు చిన్నాయిన. "హీరో ఒక్క గుక్కల కొట్టి, గ్లాసు బోర్లిచ్చి పెట్టిండు బిడ్డా. మనోడు కలిపింది గట్లుంటది మరి!"

తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యే ముందు ఆయన్ను భూపాలపల్లి నుంచి జనగామలో మా ఇంటికి తెచ్చుకున్నాం. కళ్లు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి, కాళ్లు వాచాయి, మిగతా మనిషి ఎండిపోయాడు. వరంగల్ దవాఖానలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంకొక్క చుక్క పడితే మళ్లీ తీసుకురావాల్సిన పని లేదన్నాడు. పడకపోతే ఎన్నాళ్లు అని నేను బేరం పెట్టాను. ఆయన చీటీ రాసి నా చేతిలో పెట్టి, తర్వాతి మనిషిని పిలిచాడు.

పగలు బాగానే గడిచేది. దీపం పెట్టే వేళకు మొదలయ్యేది అసలు కష్టం. చేతులు వణికేవి, చూపు గుమ్మం దాటేది, ఊరికే చెప్పులు వెతికేవాడు. గనులు ఆగి కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. ఆ మసక చీకట్లో ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకున్నాడు. "బిడ్డా, నేను గుడుంబ అడుగుతలేను. గా సిన్మాల గ్లాసు ఒక్కటి తాగిపియ్యి. ఆఖరుది." ఆఖరిది అనే మాట గిరాకీ నోటినుంచి వస్తే నమ్మకూడదని నాకు తెలుసు. అయినా ఆ గంట దాటించడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. అందుకే బారాయన దగ్గర గ్లాసులు కొన్నాను, మందు సీసాలు ఉచితంగా ఇస్తానన్నా తేలేదు.

అలా మా ఇంట్లో, మందు వాసన తెలియని నేను కలిపేదాన్ని, మందు తప్ప వేరే రుచి మరిచిపోయిన ఆయన పరీక్షించేవాడు అయ్యాం. మొదటి పేచీ రంగు దగ్గరే వచ్చింది. సినిమా నలుపు తెలుపు, మరి ఆ మూడు పొరలు ఏ రంగులు? "అడుగుది నల్లగుంటది, నడిమిది జర తక్వ నలుపు, మీదిది తెలుపు" అన్నాడు, ఎంతో సాయం చేసినట్టు. బారాయన ఇచ్చిన నీలం షర్బత్ పోస్తే ఎగాదిగా చూసి, "ఏంది బిడ్డా, బట్టలకు వెట్టే నీలిమందా? తాగితే నా కడుపు తెల్లగైతదేమో" అన్నాడు. మూడూ గ్లాసులో వరద నీళ్లలా కలిసిపోయేవి. తీపి ఎక్కువైనది బరువని, బరువైనది అడుగుకు పోతుందని రెండు మూడు సాయంత్రాలకు కాంటా ముందు పెరిగిన బుర్రకు తట్టింది. అడుగున నన్నారి వేరు రసం కలిపిన బెల్లం పాకం, దాని మీద నీళ్లు కలిపిన గులాబీ షర్బత్, అన్నిటికంటే మీద తీపి లేని నిమ్మరసం, సోడా. చెంచా వీపు మీదుగా, చంటిబిడ్డకు తల స్నానం పోసినంత మెల్లగా పోయాలి.

"చూడ సక్కగుంది. ఘాటు లేదు" అన్నాడు. శొంఠి వేశాను. మిరియాలు నూరి వేశాను. వాము మరిగించి వేశాను. ఒక రోజు దగ్గుతో కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని, "ఆఁ... గిప్పుడు జర దగ్గరికొచ్చింది" అన్నాడు. రెండు గుక్కలకు మించి తాగకూడదు, తాగలేడు కూడా. ఆ గ్లాసు ముందు పెట్టుకుని, భూపాలపల్లి మనుషుల కబుర్లు చెప్పుకుంటూ గంట దాటించేవాడు. వాళ్లూ సమ్మెలో ఉన్నారు, వచ్చి చూసే దారి లేదు. మా అత్తమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. గ్లాసు గ్లాసుకూ ముక్కు పెట్టి వాసన చూసేది. "ఏందే, నా ఇంట్ల సారా దుకాణం వెట్టినవా?" అనేది. చూసి చూసి చివరికి ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, "శొంఠి తక్వ వడ్డది" అని తీర్పిచ్చింది.

మా వీధి చివర చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. రోజుకో సంఘం వాళ్లు పొద్దున నుంచి అన్నం ముట్టకుండా కూర్చునేవాళ్లు, సాయంత్రం నిమ్మరసం ఇచ్చి విరమింపజేసేవాళ్లు. కిరాణా వర్తకుల వంతు వచ్చిన రోజు మా ఆయన కూడా మెడలో బంతిపూల దండ వేసుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం నేను దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చేసరికి చిన్నాయిన మంచం ఖాళీగా ఉంది. చెప్పులు లేవు. అత్తమ్మను అడిగితే, "నాకేం ఎరుక?" అని గోడ వైపు తిరిగింది.

ఇన్ని సాయంత్రాలు చెంచా వీపు మీద మోసుకొచ్చిన మనిషి చెయ్యి జారినట్టే అనుకున్నాను. ముందు మందు దుకాణం వెనక సందుకు పరుగెత్తాను. బంద్ రోజుల్లో వెనక తలుపు తెరిచి అమ్మేవాళ్లని ఊరందరికీ తెలుసు. అక్కడున్న వాళ్ల మొహాలు ఒక్కొక్కటే దగ్గరికిపోయి చూశాను. దుకాణాల ఇంటి కోడలు మందు సందులో మొగవాళ్ల మొహాలు వెతుకుతుంటే వాళ్లే సిగ్గుపడి తప్పుకున్నారు. లేడు. మా ఆయనకు చెబుదామని శిబిరం వైపు వచ్చాను.

అక్కడున్నాడు. భుజాన మా వంటింటి తువ్వాలు, చేతుల్లో మా ఇంటి స్టీలు పళ్లెం, పళ్లెంలో పొడుగు కాడల గ్లాసులు, గ్లాసుల్లో మూడు పొరలు. చేతులు వణుకుతున్నాయి, గ్లాసులు గలగలమంటున్నాయి. రంగులు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలవలేదు. నిమ్మకాయలు కోసిచ్చింది తనేనని మా అత్తమ్మ పోయే దాకా ఒప్పుకోలేదు.

దీక్ష విరమింపజేయడానికి వచ్చిన రిటైర్డ్ పంతులు సారు ఆ పళ్లెం చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఏందివయ్యా గివి? దీక్షల కూసున్నమా, బారుల కూసున్నమా?"

చిన్నాయిన నడుము వంచాడు. నలభై ఏళ్లుగా నోట్లో ఉంచుకున్న మాట బయటికి తీశాడు. "దొరా, జర పైలం. అడుగున ఉన్నది ఆఖరుకు తగుల్తది."

"దొర అనకు. దొరలు పోవాలెననే గద కూసున్నం!" అన్నాడు సారు.

"అయితె సారూ, జర పైలం."

శిబిరమంతా నవ్వింది. టాకీసులో నవ్విన మాటే అది. కానీ అక్కడ బేరర్ మాట్లాడే తీరుకు నవ్వారు. ఇక్కడ అందరి తీరూ అదే కాబట్టి, నవ్వడానికి మాట ఒక్కటే మిగిలింది. సారు ఒక గ్లాసు మా ఆయన చేతికిచ్చి, ఇంకొకటి తను ఎత్తి అడుగు బెల్లం దాకా తాగాడు, శొంఠికి దగ్గాడు, ఖాళీ గ్లాసును పళ్లెంలో బోర్లించాడు. చిన్నాయిన ఆ బోర్లించిన గ్లాసును చూస్తూ నిలబడిపోయాడు. నేను దగ్గరికి పోయి పళ్లెం అందుకుంటూ, సిగ్గు లేకుండా, మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూశాను. నిమ్మ, శొంఠి. అంతే. "నమ్మలేదా బిడ్డా?" అన్నాడు. నేను పళ్లెం ఎత్తుకుని ఇంటి దారి పట్టాను.

ఆ తర్వాత ఆయన పళ్లెం మోయలేదు, గ్లాసు అడగలేదు. దీపం వేళ చెప్పులు వెతకడం కూడా మానేశాడు. సమ్మె ఇంకా సాగుతుండగానే, ఒక బంద్ రోజు పొద్దున, నేను తల కింద దిండు సరిచేస్తుంటే పోయాడు. బస్సులు లేవు. తొర్రూరు నుంచి మా తమ్ముడు ఒక్కడే, రోడ్డుకు అడ్డం కూర్చున్న వాళ్లందరినీ బతిమాలుకుంటూ, బండి మీద వచ్చాడు. భూపాలపల్లి నుంచి ఫోన్లో ఏడుపులు తప్ప మనుషులు రాలేకపోయారు. పాడెకు భుజాలు చాలలేదు. శిబిరంలోంచి పంతులు సారు, ఒక ఆటో అన్న, పక్క దుకాణం వాళ్లు లేచి వచ్చారు. చౌరస్తాలో రోడ్డు దిగ్బంధం చేసినవాళ్లు మాకు దారి ఇచ్చి, మళ్లీ మూసేశారు.

ఇక మొన్నటి ఆదివారం సంగతి. ఆ ఘట్టం వచ్చింది. హీరో దిగులుగా ఉన్నాడు, బేరర్ వచ్చాడు, గ్లాసు పెట్టాడు, మాట అన్నాడు. అంతలో ఎవరో పిలిస్తే హీరో లేచి వెళ్లిపోయాడు. గ్లాసు ముట్టనే లేదు. బేరర్ దాన్ని కాసేపు చూసి, తువ్వాలుతో బల్ల తుడిచి, నిండు గ్లాసును అలాగే లోపలికి తీసుకుపోయాడు. సినిమా ముందుకు సాగింది. అన్నిసార్లు చూసిన చిన్నాయినకు అది కనబడలేదని నేను అనుకోను. మనోడు కలిపింది ఎవరూ తాగకుండా లోపలికి పోవడం ఆయనకు నచ్చలేదు, అందుకే నాకు చెప్పినప్పుడల్లా ఖాళీ చేయించి బోర్లించాడు.

ఇక బిల్లు లెక్క ఒక్కటే మిగిలింది. గ్లాసులు పెళ్లిళ్లకు అడిగినవాళ్లకిస్తే పగిలిపోయాయి. నీలం షర్బత్ మోరీలో పోసేశాను. ఆ సాయంత్రాలు మాత్రం నేనే చిన్నాయినకు ఇచ్చానని చాలా ఏళ్లు నా జమలో రాసుకున్నాను, చుట్టాల ముందు చెప్పుకున్నాను కూడా. ఆదివారం మెంతికూర ఒళ్లో పెట్టుకుని మళ్లీ తూచి చూస్తే అది నా సరుకు కాదు. దీపం వేళంటే మా కిరాణం దుకాణానికి గిరాకీ వేళ. షట్టరు లేచి ఉంటే నేను గల్లా దగ్గర ఉండేదాన్ని, ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు. షట్టరు దించింది సమ్మె. ఊరంతా తన గిరాకీ వదులుకుంటే నాకు ఆ కాసిన్ని సాయంత్రాలు దొరికాయి. అడగకుండానే కాలం నాకు వేసిన కొసరు అదొక్కటే, ఆ తర్వాత నుంచి తూకానికి తూకమే ఇస్తోంది.