మిషన్ నంబర్లు

బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఓ మూల స్టూలు మీద కూర్చుని, పనివాళ్ల మాటామంతీ గమనించి రాసుకోవడమే ఆమె పరిశోధన. పేర్లు రాయనని వాళ్లకు మాటిచ్చింది కనుక మిషన్ నంబర్లు మాత్రమే వేసేది.

మొదట్లో ఆమెను చూసి బిగుసుకుపోయినవాళ్లు నెల తిరిగేసరికి అలవాటుపడ్డారు. "మన దిష్టిబొమ్మ వచ్చిందర్రా!" అని పదిహేడో మిషన్ పెద్దమ్మ ఆటపట్టించేది. సంఘం పెట్టుకోవాలన్న గుసగుసలు కూడా ఆమె ముందే సాగేవి. అవీ రాసుకుంది.

ఒకరోజు ఆమె భోజనానికి వెళ్లొచ్చేసరికి స్టూలు మీద నోటుపుస్తకం లేదు. సాయంత్రం మేనేజరే తెచ్చిచ్చాడు.

"చేతిరాత ముత్యాల్లా ఉందమ్మా. ఒక్క ముక్క కూడా వదల్లేదు," అన్నాడు నవ్వుతూ.

మర్నాడు నాలుగు మిషన్లు ఖాళీగా ఉన్నాయి. వాటిలో పదిహేడోది ఒకటి. ఆమె వరసవరసకీ వెళ్లి, "నా పుస్తకం వల్లే ఆ నలుగురినీ పనిలోంచి తీసేశారు. తప్పు నాదే," అని చెప్పింది.

ఎవరూ తలెత్తలేదు. చివరి వరసలో ఒకావిడ మాత్రం మిషన్ ఆపకుండానే, "ఇది కూడా రాసుకుంటావా అమ్మా?" అంది.

ఆ పరిశోధన ఆమె పూర్తిచెయ్యలేదు. క్షమించమని అడగడానికి పెద్దమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. లోపల నలుగురైదుగురి మాటలు వినిపిస్తున్నాయి. తలుపు తట్టగానే అవి ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎంతసేపు నిలబడ్డా తలుపు తెరుచుకోలేదు.