టోపీ ఆయన, తాడు పిల్ల, మా మామ్మ సీసా

మా తమ్ముడికీ నాకూ చిన్నప్పటి నుంచీ ఒక తగువుంది. ఆస్తి తగువు కాదు లెండి, తగువు పడేంత ఆస్తి మాకెక్కడిది? పాడుబడ్డ గుహల్లో దూరి కిరీటాలూ విగ్రహాలూ పట్టుకొచ్చే ఇంగ్లీషు సినిమా పురావస్తు శాస్త్రవేత్త గొప్పవాడా, ఉత్త దొంగా అన్నదే తగువు. రాజోలు దగ్గర మా ఊరికి మొదటిసారి వీసీఆర్ అద్దెకి తెచ్చినప్పుడు, ఓ ఆదివారం ఆరాధన అయ్యాక, పది ఇళ్ళ జనం ఒక అరుగు మీద ఇరుక్కుని కూర్చుని అలాంటి సినిమా ఒకటి చూశాం. మాటలు ఎవరికీ అర్థం కాలేదు. టోపీ పెట్టుకున్న ఒకాయన గుహలోకి దిగాడు, గోడలు కూలుతుంటే తప్పించుకున్నాడు, ఏదో పెట్టె చంకన పెట్టుకుని బయటపడ్డాడు. మావాడికి ఆ రోజు నుంచీ పిచ్చి పట్టింది. మా మామ్మ వరినాట్లకి పట్టుకెళ్ళే తాటాకు గొడుగు నెత్తిన పెట్టుకుని కొబ్బరితోటలో గోతులు తవ్వేవాడు.

మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. కూలికెళ్ళి, నడుం వంచి నాట్లు వేసి, మా నాన్నగారిని పంతులుగారిని చేసిన మనిషి. ఆవిడ కూడా మా పక్కనే కూర్చుని ఆ సినిమా చూసింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడకి రెండు అనుమానాలు వచ్చాయి.

"వెయ్యేళ్ళ నుంచీ మూసున్న గుహ అంటన్నారు గదా, ఆ దివిటీల్లో నూనె ఎవరు పోసేరే?" అంది ముందు. కాసేపటికి, "తవ్వినోడు గొయ్యి పూడ్చకుండా పోతన్నాడేంటి? గొడ్డో గోదో పడితే?" అంది.

తమ్ముడు ఉడుక్కున్నాడు. నాకు మాత్రం మామ్మే సరిగ్గా చూసిందనిపించింది. ఆ తర్వాత రెండేళ్ళకే ఆవిడ పోయింది. నేను సోషల్ టీచర్ని అయ్యాను, తమ్ముడు కువైట్ వెళ్ళి అక్కడే ఏసీ మెకానిక్‌గా స్థిరపడ్డాడు. తగువు మాత్రం మాతోపాటే పెరిగింది. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాహసాల సినిమా పెడతాడు, నేను పక్కన కూర్చుని తప్పులు పడతాను. క్లాసులో కూడా ఆ టోపీ ఆయన్ని వదిలేదాన్ని కాదు. "వస్తువు దొరకడం గొప్ప కాదర్రా, ఎక్కడ దొరికిందో, పక్కన ఏముందో రాసుకోవడం గొప్ప. రాయకుండా పట్టుకొచ్చేస్తే అది చరిత్ర కాదు, సామాను" అని పిల్లలకి పాతికేళ్ళు చెప్పాను. అమ్మో, ఎంత బాగా చెప్పేదాన్నో!

తర్వాత మా అమ్మాయి రంగంలోకి దిగింది. అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. దానికి సినిమా అక్కర్లేదు, కంప్యూటర్ గేమ్ కావాలి. అందులో ఒక పిల్ల తాడు పట్టుకుని కొండలెక్కి, పాత సమాధుల్లోకి దూకుతుంది. టోపీ ఆయన కంటే ఈ పిల్లే నయమని మా అమ్మాయి వాదన. ఒంటరిగా వెళుతుంది, ఎవరినీ రక్షించమని అడగదు, దెబ్బ తగిలితే కట్టు తనే కట్టుకుంటుంది. అదంతా ఒప్పుకుంటాను. కానీ కనబడ్డ కుండనల్లా పగలగొడుతుందే! రెండు వేల ఏళ్ళ కుండ, లోపల నాలుగు తూటాలున్నాయేమోనని చూడటానికి తంతుంది.

మన తెలుగు సినిమాల్లో సంగతి వేరే. మన పురావస్తు శాఖాయన కళ్ళజోడు పెట్టుకుని, శాసనం సగం చదివి, మొదటి పావుగంటలోనే పాము కరిచి పోతాడు. పాపం, ఆయనొక్కడే చేతిలో నోటుబుక్కుతో కనిపిస్తాడు. మా ముగ్గురిలో ఆయన తరఫున మాట్లాడేది నేనే.

పోయిన వేసవిలో తమ్ముడు ఇరవై రోజుల సెలవు మీద వచ్చినప్పుడు నాన్నగారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు. ఎనభై దాటిన మనిషి, నా దగ్గరే ఉంటున్నారు. ఆయన అడిగింది ఒక్కటే.

"మా అమ్మని గోదాట్లో వదిలేస్తారేంటర్రా?"

మా పాత సమాధుల తోట గోదారి మధ్య లంకలో ఉంది. ఏటా వరదకి ఒడ్డు కోసుకుపోతోంది. ఊళ్ళో కొత్త సమాధుల తోట వచ్చాక పోయినవాళ్ళని అక్కడే పెడుతున్నారు, మా తాత అక్కడే ఉన్నాడు. ఆయన పక్కన ఒక్క మనిషికి సరిపడా చోటు నాన్నగారు అప్పుడే అడిగి ఉంచారు. లంకలో తమవాళ్ళున్న కుటుంబాలవాళ్ళు చాలామంది ఎముకలు తీసి ఇక్కడికి మార్చుకున్నారు. మేమే అశ్రద్ధ చేశాం. ఇప్పుడు మామ్మ ఉన్న వరసకీ నీళ్ళకీ మధ్య పది గజాలు మిగిలింది. ఇంకో వరద ఆగదు.

మార్చడం సరే, మామ్మ ఎక్కడుందో తెలియాలి కదా? కర్ర సిలువలు ఎప్పుడో పోయాయి. నిలువు గజం ఒండ్రు పేరుకుంది. కానీ మావాళ్ళకి ఒక పద్ధతుంది. రాతి సమాధి కట్టించే స్తోమత లేని రోజుల్లో, సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశిగారు పోయిన మనిషి పేరు, తండ్రి పేరు, తేదీ కాగితం మీద రాసి, ఖాళీ మందుసీసాలో పెట్టి, బిరడా మీద మైనం పోసి, తల దగ్గర పాతేవారు. వరదొచ్చి పైనున్నవన్నీ కొట్టుకుపోయినా మనిషి పేరు మనిషి దగ్గరే ఉండాలని. నాన్నగారికి గుర్తున్నంత వరకు రెండో వరసలో ఏటి వైపు చివరి మూడు గోతుల్లో ఒకటి మామ్మది. మిగతా రెండింటి కోసం ఎవరూ రాలేదని పాస్టరుగారు చెప్పారు.

అంటే సీసా తియ్యాలి, పేరు చదవాలి, మనది కాకపోతే ఉన్నచోటే పెట్టెయ్యాలి. ఇంతే పని.

పొద్దున్నే పడవ మీద లంకకి దాటాం. ముగ్గురు పనివాళ్ళు, తమ్ముడు, నేను. నాన్నగారికి మోకాళ్ళు సహకరించవు, దొరికాక ఫోన్ చేస్తామని రేవు దగ్గర తెలిసినవాళ్ళింట్లో కూర్చోబెట్టాం. పాస్టరుగారు ప్రార్థన చేసి, వేరే కూటం ఉందని అదే పడవలో వెనక్కి వెళ్ళారు. తమ్ముడు నిజంగానే టోపీ పెట్టుకొచ్చాడు. కువైట్ కంపెనీ టోపీ. నేను గొడుగు వేసుకుని, కొత్త నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేజీలో తేదీ కూడా వేశాను.

ఎండ ముదరక ముందే అయిపోవాలని ముగ్గురూ మూడు చోట్లా ఒకేసారి మొదలెట్టారు. గంటన్నరకి ఒకాయన, "టీచర్‌గారండీ, సీసా అండీ!" అని కేకేశాడు. నేను పరుగెత్తాను. అరచేతి పొడుగు పలక సీసా, మట్టి గట్టిగా పట్టేసి లోపల ఏముందో కనబడటం లేదు. అది చేతిలో ఉండగానే రెండో గోతిలోంచి, "ఆయ్, ఇక్కడా ఉందండీ!" అన్నారు. మూడోది తమ్ముడే స్వయంగా తీశాడు. గాల్లోకి ఎత్తి చూపించి, సినిమాలోలాగా చంకన పెట్టుకుని గట్టెక్కాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పడానికి నాకిప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. పక్కన నీళ్ళ బకెట్టుంది. మూడు సీసాలూ అందులో వేశాను. భోజనాలయ్యాక గ్లాసులన్నీ ఒకే గిన్నెలో వేసి తోముతామే, అలాగ. కొబ్బరిపీచు పెట్టి శుభ్రంగా, ఇష్టంగా తోమాను. తళతళలాడే మూడు సీసాలు చీర కొంగు మీద వరసగా పెట్టాను. మూడూ ఒకే మందుల షాపు సీసాల్లా ఉన్నాయి.

మొదటి సీసా బిరడా తీస్తే ఎవరో ఆడమనిషి పేరు, మాకు తెలియదు. రెండో దాంట్లో మా మామ్మ పేరు. ఉపదేశిగారి గుండ్రటి అక్షరాలు, సిరా కాస్త పాలిపోయిందంతే. నేను గట్టిగా ఏడ్చేశాను. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ నాన్నగారికి ఫోన్ చేసి, "దొరికిందండీ నాన్నగారూ, మామ్మ దొరికింది" అన్నాడు. మూడో దాంట్లో నీళ్ళు దిగి కాగితం ముద్దయిపోయింది, ఒక్క అక్షరం లేదు.

అప్పుడు పెద్ద పనివాడు గట్టు మీద కూర్చుని, బీడీ పక్కన పెట్టి, మర్యాదగా అడిగాడు. "అయితే మరి ఏ గోతిలోదండీ అది?"

తమ్ముడి వైపు చూశాను. తమ్ముడు నా వైపు చూశాడు. నోటుబుక్కులో తేదీ తప్ప ఏమీ లేదు. పాతికేళ్ళు పాఠం చెప్పిన మనిషిని! టోపీ ఆయన్ని దొంగన్నాను, తాడు పిల్లని రౌడీ అన్నాను. వాళ్ళకి కనీసం వస్తువు ఏ గదిలో దొరికిందో తెలుసు. నేను మా మామ్మనే పారేసుకున్నాను.

గోతుల్లో చూశాం. అన్నేళ్ళ తేమకి ఏ గోతిలోనూ పెద్దగా ఏం మిగల్లేదు. నల్లటి మట్టి, కొన్ని ముక్కలు. చూసి పోల్చుకోవడానికేమీ లేదు.

"మధ్యది అని చెప్పేద్దామక్కా" అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి. "నాన్నగారికి ఏం తెలుస్తది? ఆయన మనసు కుదుటపడితే చాలు గదా."

నిజం చెప్పొద్దూ, నేనూ ఒప్పుకున్నాను. పడవ దిగి, ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని నాన్నగారు వచ్చేదాకా ఒప్పుకునే ఉన్నాను. పనివాళ్ళు అప్పటికే ఏ గోతిలోది ఆ గోతికి మూడు తెల్లటి గుడ్డల్లో మూటలు కట్టి పెట్టారు. నాన్నగారు చెప్పులు విడిచి, "ఏదమ్మా?" అన్నారు. ఆ మొహం చూశాక నాకు అబద్ధం నోటికి రాలేదు.

"తెలీదండీ నాన్నగారూ. సీసాలు కలిపేశాను. తప్పు నాదే" అన్నాను.

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయన ఇసకలో కూర్చుని ఒక్కో మూట మీదా చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచారు. మూడోదాని మీంచి చెయ్యి తీసి, "ఏమో, తెలుస్తదేమో అనుకున్నానమ్మా" అన్నారు. నేను పక్కకి తిరిగి ఏడ్చాను. తమ్ముడు టోపీ తీసి నలుపుతూ నిలబడ్డాడు.

కాసేపటికి ఆయనే లేచారు. "మూడూ పట్టండి" అన్నారు.

"తాత పక్కన ఒక్కరికే గదండీ చోటు?" అన్నాడు తమ్ముడు.

"ముగ్గురికీ కలిపి ఒకటే పెట్టె చేయించు. ఒక్కదాంతోనే వేగలేకపోయేడు మీ తాత. ఇప్పుడు చూద్దాం ఆయన సంగతి" అన్నారు నాన్నగారు. మేం నవ్వలేక నవ్వాం. గోతులు మూడూ పూర్తిగా పూడ్చాకే పడవెక్కుతానని పట్టుబట్టారు. ఎలాగూ ఏట్లో కలిసిపోయే నేలే, నిజంగానే ఆ వరసంతా ఆగస్టు వరదకి పోయింది. అయినా చివరి పార మట్టి దాకా నిలబడి చూశారు.

ఆ సాయంత్రం మా అమ్మాయి అంతా విని, "అమ్మా, మా తాడు పిల్ల కుండ పగలగొట్టినా మ్యాపులో చుక్క పడుద్దే" అంది. కొట్టడానికి చెయ్యెత్తాను గానీ అది తప్పేం అనలేదు. నలభై ఏళ్ళలో తమ్ముడు గెలిచిన తగువు ఇదొక్కటే, గెలిచానని కూడా అనలేదు.

రెండు రోజులకి వడ్రంగి పెట్టె ఇచ్చాడు. పాస్టరుగారు వచ్చారు, తాత పక్కన గొయ్యి సిద్ధమైంది. పాత పద్ధతి ప్రకారం సీసా పెడదామన్నారు నాన్నగారు. కాగితం నన్నే రాయమన్నారు. మామ్మ పేరు రాశాను. తెలియని ఆవిడ పేరు రాశాను. మూడో మనిషి పేరు దగ్గర ఏం రాయాలో తెలియక, ఉన్నదున్నట్టు రాశాను: "ఈ ముగ్గురూ లంక సమాధుల తోటలో రెండో వరస, ఏటి వైపు చివరివాళ్ళు. మూడోవారి కాగితం తడిసిపోయింది. ఎవరు ఎవరో తెలియకుండా కలిపేసింది నేను." కింద సంతకం పెట్టి, తేదీ వేసి నాన్నగారికి ఇచ్చాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. పెన్ను అడిగి తీసుకుని, నా సంతకం కింద ఒక వాక్యం చేర్చి, తన పేరు రాశారు.

"ముగ్గురికీ కొడుకుని నేను."

కాగితం చుట్టి సీసాలో పెట్టి, మైనం నేనే పోశాను.