గోడెలీవ్ గియ్యని గీత

చచ్చిన గోరింకను సుద్దముక్కతో బతికించిన మనిషి మా ఆంట్వెర్ప్‌లో ఒక్క గోడెలీవే. పిట్టలు పాటను మెదడులో ఏ మూల నుంచి నడిపిస్తాయో స్కాన్ తీసి చూసే ల్యాబులో, మత్తిచ్చిన పిట్టను పాత సాక్సు ముక్కలో చుట్టి మెషీన్లో పడుకోబెట్టడం ఆమె పని. తర్వాత మత్తు దిగుతున్న పిట్ట పంజరం ముందు బుల్లి స్టూలేసుకుని, పిట్టల పాటల పందెంలో వాళ్ల తాతలాగే, కర్ర మీద కూతకో గీత గియ్యడానికి సుద్ద పట్టుకుని కూర్చుంటుంది. మొన్న ఆమె ముద్దుల గోరింక ప్రాస్పర్ ఎంతకీ కళ్లు తెరవలేదు. "పోయాడు గోడెలీవ్, ఇక లే," అన్నాడు డాక్టర్ వన్నెస్ దిగులుగా. ఆమె సుద్ద దించలేదు. అంతలో ప్రాస్పర్ ముక్కు తెరిచి, అచ్చం స్కానర్‌లా టకటకా మోగాడు. వన్నెస్ గంతేశాడు, "గియ్యి గియ్యి!" అంటూ. ఈ కథ నేనెప్పుడు చెప్పినా గోడెలీవ్‌ది ఒకటే మాట: "చావలేదు, మత్తులో ఉన్నాడు. అది మెషీన్ మోత, పాట కాదు. గీత గియ్యలేదు."