మైకు మావయ్య కూడదీసుకున్న ఊపిరి

మా అమ్మకు అన్నయ్య, నాకు మేనమామ. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఉద్యోగం ఆయనది. అందుకే అందరికీ మైకు మావయ్య అయిపోయాడు. సొంత పేరు ఆస్పత్రి చీటీల్లో తప్ప ఎవరూ వాడగా నేను చూడలేదు.

చిన్నప్పుడు అమ్మ వేలు పట్టుకుని బస్టాండులో అడుగుపెడితే చాలు, రేకుల కప్పు కింద ఎక్కడినుంచో మావయ్య గొంతు పలకరించేది. మనిషి మాత్రం కనిపించేవాడు కాదు. మెట్ల వెనక చిన్న గదిలో, ఫ్యాను గాలికి ఎగిరే కాగితాలను మోచేత్తో అదిమిపట్టి కూర్చునేవాడు. ఊరి పేరు చివర కాస్త సాగదీసేవాడు. ఆ సాగదీసేలోపు పరుగెత్తి బస్సు అందుకున్నవాళ్లున్నారు.

ఇంట్లోనూ అదే ధోరణి. "అన్నం చల్లారిపోతోంది, ప్రయాణికులందరూ వెంటనే వచ్చి కూర్చోవలెను!" అనేవాడు. అత్తయ్యది నెమ్మది స్వభావం. "ఈయన గుసగుసలాడితే వీధి చివరివాళ్లు బదులిస్తారు" అని నవ్వి ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం తిన్నదేదో పడక మావయ్యకు వాంతులు పట్టుకున్నాయి. ఎంతకీ ఆగలేదు. చివరికి ఛాతీలో కత్తి దిగినట్టయి మంచం మీద ముడుచుకుపోయాడు. గుండెపోటనుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. గుండె బాగానే ఉందట. వాంతుల ధాటికి అన్నవాహిక చిరిగి, తిన్నదంతా ఎడమ ఊపిరితిత్తి చుట్టూ చేరిందట. అప్పటికప్పుడు ఆపరేషన్ చేసి చిరుగు కుట్టారు. పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి మంచం కింద సీసాలోకి వదిలారు. నోట్లో ఇంకో గొట్టం, ఊపిరి మిషనుది. మావయ్యకు మాట లేకుండా పోయింది.

గండం గడిచిందనుకునేలోపు జ్వరం తిరగబెట్టింది. మందులు మార్చారు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ కాసింది. సీసాలోకి చిక్కటి చీము దిగుతూనే ఉంది. దాన్ని పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని వరండాలోకి పిలిచింది.

"ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య ఫంగస్ పెరుగుతోంది. ఒక రకం బూజు అనుకోండి."

"బూజా?" అమ్మకు కోపం వచ్చింది. "మా అన్నయ్య రెండు పూటలా స్నానం చేసే మనిషండీ!"

"శుభ్రత లేక వచ్చింది కాదమ్మా. ఇది మనందరి నోట్లో, పేగుల్లో ఉండేదే. ఒంట్లో సత్తువున్నంత కాలం పడి ఉంటుంది. మనిషి బాగా నీరసించి, గట్టి మందులు చాలా రోజులు వాడితే అదను చూసుకుని లేస్తుంది. ఇప్పటిదాకా ఇచ్చిన మందులు దీనిమీద పనిచెయ్యవు. దీనికి మందు వేరే ఉంది, మొదలుపెట్టాం."

"బతుకుతారా?" అంది అత్తయ్య.

డాక్టరమ్మ అత్తయ్య వైపు తిరిగింది. "చాలామంది నిలవరమ్మా. మాటివ్వలేను. వదిలిపెట్టను, అంతే."

అత్తయ్య ఏడవలేదు. లోపలికి వెళ్లి మావయ్య పక్కన స్టూలు మీద కూర్చుంది. "ఇన్నాళ్లూ మీరు చెప్పారు, నేను విన్నాను. ఇప్పుడు మీ వంతు" అంది. ఆ రోజునుంచి, లోపలికి రానిచ్చినప్పుడల్లా చెబుతూనే ఉండేది. తను చిన్నప్పుడు గోడ దూకి మోకాలు చిట్లగొట్టుకున్న సంగతి, తాతగారి కళ్లద్దాలు దాచి ఇల్లంతా వెతికించిన సంగతి. అత్తయ్యలో అంత అల్లరి ఉందని మాకెవరికీ తెలియదు. మావయ్యకు తెలివి ఉన్నప్పుడు కళ్లు ఆమె మీదే ఉండేవి.

మరో ఆపరేషన్ చేసి, ఊపిరితిత్తికి మందంగా పట్టిన పొర ఒలిచారు. కొత్త మందు మెల్లగా పనిచేసింది. జ్వరం దిగింది. నోట్లో గొట్టం తీసిన రోజు అందరం మంచం చుట్టూ చేరాం. బొంగురుపోయిన గొంతుతో, రెండు సార్లు ప్రయత్నించి, అత్తయ్యతో అన్నాడు: "కళ్లద్దాలు... దొరికాయా?"

అత్తయ్య అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, "దొరికాయి. నాకు రెండు తగిలాయి కూడా" అంది.

ఆ గొంతు మళ్లీ పూర్తిగా రాలేదు. నాలుగు మాటలకోసారి ఊపిరి కూడదీసుకోవాల్సి వచ్చేది. మైకు ఇంకొకరికి అప్పగించి, ఆయన్ని విచారణ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. బాధపడతాడనుకున్నాం. ఒకరోజు నాతో అన్నాడు: "అమ్మాయ్, ఇన్నేళ్లూ... ఎవరికి చెబుతున్నానో చూడనేలేదే!"

ఆయన పోయి చాలా ఏళ్లయింది. తలచుకుంటే ఆ కిటికీ దగ్గరి మావయ్యే గుర్తొస్తాడు. ఓసారి ఒక ముసలమ్మ బస్సు ఎక్కడని అడిగింది. మావయ్య సగం చెప్పి ఆగాడు. "నిదానంగా చెప్పు నాయనా, నేనూ ఆయాసం మనిషినే" అందావిడ. మావయ్య నవ్వి, లేచి బయటికొచ్చి, ఆవిడ సంచి అందుకున్నాడు. ఇద్దరూ ఆగి ఆగి నడుస్తుంటే డ్రైవరు బస్సు కదిలిస్తూ హారన్ కొట్టాడు. మావయ్య ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. బస్సు ఆగింది.